కన్సోల్ పోర్టుకు కాలం చెల్లలేదు

మొయినాబాద్ మండలంలో అజీజ్‌నగర్, ఎన్కేపల్లి, చిలుకూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. ఇక్కడ చదివిన పిల్లల్లో చాలామంది అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ కోచింగ్ తీసుకుని నెట్‌వర్క్ ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొందరు చేవెళ్ల చుట్టూ ఆఫీసులకు, బ్యాంకులకు, ఫామ్‌హౌస్‌లకు స్విచ్‌లు బిగించే పనిలో స్థిరపడుతున్నారు. వీళ్లలో ఎవరిని కదిపినా దాదాపు ఒకే మాట వినిపిస్తుంది. "కన్సోలా? అది పాతకాలం ముచ్చట అన్నా. ఇప్పుడంతా క్లౌడే. ఎక్కడినుంచైనా లాగిన్ అయి చేసేయొచ్చు. మరీ తప్పకపోతే పుట్టీ తెరిచి 9600 కొడితే అయిపోయె." పాఠం చెప్పే సార్లూ ఇదే అంటున్నారు, టెండర్లు రాసే అధికారులూ ఇదే నమ్ముతున్నారు. (పుట్టీ అంటే కన్సోల్‌తో మాట్లాడే ప్రోగ్రామ్; 9600 అంటే ఆ మాటల వేగం, సెకనుకు ఇన్ని బిట్లని.)

ఈ నమ్మకం తప్పు. తప్పని ఊరుకోవడానికి కూడా లేదు, దీనివల్ల జరుగుతున్న నష్టం పెద్దది. ఒక తరం ఇంజనీర్లకు తమ చేతిలోని యంత్రాన్ని అది పడిపోయినప్పుడు ఎలా లేపాలో తెలియకుండా పోతోంది.

ముందు అసలు విషయం. రౌటర్ గానీ, స్విచ్ గానీ, కేబుల్ ఆపరేటర్ గదిలో ఉండే ఓఎల్‌టీ గానీ, కాస్త పెద్ద పెట్టె ఏది తీసుకున్నా 'కన్సోల్' అని రాసిన పోర్టు ఒకటి ఉంటుంది. దాని వెనకున్న ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో అమెరికాలో వచ్చింది. పంపడానికి ఒక తీగ, అందుకోవడానికి ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి. పని జరగడానికి ఈ మూడు చాలు. దీనికి ఐపీ అడ్రసు అక్కర్లేదు, వీలాన్ అక్కర్లేదు, డీహెచ్‌సీపీ అక్కర్లేదు. పెట్టెకు కరెంటు అందగానే, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా లేవకముందే, బూట్‌లోడర్ తన మొదటి మాటలు ఈ పోర్టు మీదే పలుకుతుంది. ఫ్లాష్‌లో ఫైలు చెడిపోయి రౌటర్ సగంలో ఆగిపోతే ఆ సంగతి చెప్పేది ఈ పోర్టే. పాస్‌వర్డ్ మరచిపోతే లోపలికి పోయే దారి కూడా ఇదే. వయసు ఎక్కువైందని దీన్ని తీసిపారేసేవారు, దీని స్థానంలో ఈ పనులు చేసే మరో దారి ఏదో చూపించాలి. ఇంతవరకు ఎవరూ చూపలేదు.

"అంతా క్లౌడే" అన్న మాట దగ్గరికి వద్దాం. ఆ క్లౌడ్ మన పక్కనే ఉంది. చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలోని షాబాద్ మండలంలో చందనవెల్లి అనే ఊరుంది. 2020 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ చుట్టూ 20,761 కోట్ల రూపాయలతో డేటా సెంటర్లు పెడతామని ప్రకటించినప్పుడు ఎంచుకున్న చోట్లలో చందనవెల్లి ఒకటి. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలైంది. కన్సోల్ పాతబడిందనేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇదే అమెజాన్ 2021 మార్చిలో తన క్లౌడ్ ఖాతాదారుల కోసం 'ఈసీ2 సీరియల్ కన్సోల్' అనే సేవను తెచ్చింది. వర్చువల్ మెషీన్‌కు నిజమైన పోర్టే ఉండదు. అయినా దానికి ఒక సీరియల్ పోర్టును సృష్టించి, లినక్స్‌లో దాన్ని 115200 వేగంతో అమర్చుకొమ్మని పత్రాల్లో రాసిపెట్టారు. మైక్రోసాఫ్ట్ అజూర్ 2018లోనే ఇలాంటిది మొదలుపెట్టింది. గూగుల్ క్లౌడ్‌లోనూ ఉంది. ఎందుకు? ఖాతాదారుడు ఫైర్‌వాల్‌లో తప్పు నియమం రాసి తనను తానే బయటకు నెట్టుకున్నా, బూట్ ఫైలు పాడుచేసుకున్నా, నెట్‌వర్క్ ద్వారా లోపలికి రావడానికి దారి ఉండదు. అప్పుడు మిగిలేది సీరియల్ ఒక్కటే. క్లౌడ్ నడిపేవాళ్లే వదలని దాన్ని, క్లౌడ్ పేరు చెప్పి మనం వదిలేస్తున్నాం.

"రిమోట్‌లో చేసేయొచ్చు" అనే వాదన ఇంకా ప్రమాదకరం. రిమోట్ లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ నడిచేది ఏ నెట్‌వర్క్ మీద? మనం బాగుచేయాల్సిన నెట్‌వర్క్ మీదే. అది పడిపోయినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ కూడా దానితోపాటే పడిపోతుంది. ఈ సంగతి చేవెళ్ల కాంట్రాక్టరుకు తెలియకపోతే కొన్ని ఆఫీసులే ఇబ్బంది పడతాయి. ప్రపంచంలోని అతిపెద్ద సంస్థలకు తెలియకపోయేసరికి దేశాలే ఆగిపోయాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఒక ఆదేశంలో పొరపాటు వల్ల తన వెన్నెముక నెట్‌వర్క్‌ను తెంచుకుంది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా మూగబోయాయి. విడిగా పెట్టుకున్న నిర్వహణ నెట్‌వర్క్ కూడా అందకపోవడంతో ఇంజనీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లి పెట్టెల ముందు నిలబడాల్సి వచ్చింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కూలి కోటి ఇరవై లక్షల మందికి పైగా ఫోనూ ఇంటర్నెట్టూ లేకుండా అయ్యారు. ఆ సంస్థ నిర్వహణ నెట్‌వర్క్ కూడా పడిపోయిన అదే ఐపీ కోర్ మీద ఆధారపడి ఉంది. అందువల్ల ఎర్రర్ లాగులు చూడగలిగే స్థితికి రావడానికే సుమారు 14 గంటలు పట్టిందని తర్వాతి విచారణలో తేలింది. 2023 నవంబర్ 8న ఆస్ట్రేలియాలో ఆప్టస్ రౌటర్లు దాదాపు 90 తమంతట తాము నెట్‌వర్క్ నుంచి విడిపోయాయి. వాటిలో కొన్నింటి దగ్గరికి మనుషులు వెళ్లి రీసెట్ చేయాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు చివరికి పని జరిగేది పెట్టె ముందు నిలబడిన మనిషి వల్లే. ఆ మనిషి చేతిలో కేబుల్ ఉందా, ఏ వేగంతో మాట్లాడాలో తెలుసా అన్నదే ఆ క్షణంలో లెక్కకు వచ్చే ప్రశ్న.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. హైదరాబాద్ నుంచి చేవెళ్లకు పోయే బీజాపూర్ రోడ్డు పక్కన మర్రిచెట్లు ఎంత ప్రసిద్ధమో అందరికీ తెలుసు. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల మేర ఈ రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. రోడ్డు తవ్వే చోట ఫైబర్ తెగడం మన దగ్గర మామూలే. స్తంభాల మీద లాగిన ఫైబర్ ఈదురుగాలికి తెగడమూ మామూలే. ఎండాకాలం కరెంటు పోయి వస్తూ ఉంటే స్విచ్‌లు సగం బూటై ఆగిపోతాయి. అటువైపు టీ-ఫైబర్ పేరుతో మిషన్ భగీరథ పైపులైన్ల వెంట డక్టులు వేసి పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే పని నడుస్తోంది. 2011లో ఎన్‌ఓఎఫ్‌ఎన్ పేరుతో మొదలై తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం ఉద్దేశమూ పంచాయతీలకు ఫైబర్ చేర్చడమే. ఊరికి తీగ చేర్చడం ఒక ఎత్తు. మండల కేంద్రంలోని పెట్టె అర్ధరాత్రి లేవకపోతే దాన్ని లేపడం మరో ఎత్తు. ఆ రెండో పనికి నగరం నుంచి నలభై కిలోమీటర్లు ఒక నిపుణుణ్ని రప్పించే వ్యవస్థ పల్లెకు సేవ చేయలేదు. ఆ మండలంలోనే చదివిన పిల్లవాడికి ఆ పని వచ్చి ఉండాలి.

ఇక "9600 కొడితే సరి" అనే మాట. పై రెండు వాదనలు ఎక్కువగా కన్సోల్ వాడనివాళ్లవి. ఇది వాడుతున్నామనుకునేవాళ్లది. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

సిస్కో, జునిపర్, హువావే, ఫోర్టిగేట్ పెట్టెలు ఫ్యాక్టరీ నుంచి సాధారణంగా 9600 మీదే వస్తాయి. మైక్రోటిక్ రౌటర్‌బోర్డులు 115200 మీద మాట్లాడతాయి. ఉబిక్విటీ ఎడ్జ్‌స్విచ్, అరూబా సీఎక్స్ స్విచ్‌లదీ అదే వేగం. టీపీ-లింక్ మేనేజ్డ్ స్విచ్‌ల్లో చాలావాటికి 38400. పాత హెచ్‌పీ ప్రోకర్వ్ అయితే ఎంటర్ రెండుసార్లు నొక్కితే మన వేగాన్ని తనే పసిగడుతుంది. ఫామ్‌హౌస్‌లలో, చిన్న కాలేజీల్లో ఎక్కువగా కనిపించేవి చవకైన బ్రాండ్లే. అంటే మన ప్రాంతంలో 9600 పనిచేయని సందర్భాలే తరచుగా ఎదురవుతాయి. అలా ఎదురైనప్పుడు తెర మీద జంక్ అక్షరాలు వస్తాయి. వెంటనే "పోర్టు కాలిపోయింది సార్, బోర్డు మార్చాలి" అనే తీర్పు కూడా వస్తుంది. ఏమీ కాలిపోలేదు. రెండు వైపులా గడియారాలు కలవలేదు, అంతే.

దీని లెక్క చూడండి. 9600 వేగంలో ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు ఉంటుంది. ఒక అక్షరం వెళ్లాలంటే ఒక స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, ఒక స్టాప్ బిట్, మొత్తం పది. అందుకునే వైపు స్టార్ట్ బిట్ పడగానే తన గడియారాన్ని మొదలుపెట్టి, అక్కడినుంచి ఒక్కో బిట్ నడిమధ్యన చూసుకుంటూ పోతుంది. గడియారాల మధ్య తేడా నాలుగైదు శాతం దాటితే చివరి బిట్లు తప్పుగా పడతాయి. వేగం పూర్తిగా వేరైతే ఒక్క అక్షరమూ సరిగ్గా రాదు. మన ఈసీఈ పిల్లలకు ఈ సంగతి తెలుసు, కానీ తమకు తెలుసన్న సంగతే వాళ్లకు తెలియదు. 8051 మైక్రోకంట్రోలర్ ల్యాబులో 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఎందుకు పెడతారు? దాన్ని 12తో, ఆపైన 32తో, ఆపైన 3తో భాగిస్తే సరిగ్గా 9600 వస్తుంది. మామూలు 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే 10417 దగ్గర తేలుతుంది. ఎనిమిదిన్నర శాతం తప్పు, తెర నిండా చెత్త. స్విచ్ ముందు కూర్చున్నప్పుడు కనిపించే చెత్త కూడా ఇదే జబ్బు.

వేగం ఒక్కటే కాదు, పారిటీ ఉంది, స్టాప్ బిట్లు ఉన్నాయి, ఫ్లో కంట్రోల్ ఉంది. చాలామంది చిక్కుకునేది ఫ్లో కంట్రోల్ దగ్గరే. తెర మీద స్విచ్ సందేశాలు చక్కగా కనిపిస్తుంటాయి, కానీ మనం కొట్టే అక్షరం ఒక్కటీ లోపలికి పోదు. కీబోర్డు పోయిందనుకుంటారు, కేబుల్ మారుస్తారు, ల్యాప్‌టాప్ మారుస్తారు. అసలు కారణం తరచుగా హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టి ఉండటం. "పంపు" అని అవతలి వైపు నుంచి సంకేతం తెచ్చే తీగ మన కేబుల్లో లేకపోతే, ఆ సంకేతం కోసం ల్యాప్‌టాప్ ఎదురుచూస్తూనే ఉంటుంది. పుట్టీ సీరియల్ సెట్టింగుల్లో అసలైన డిఫాల్టు ఎక్సాన్/ఎక్సాఫ్. అవతలి పెట్టె కూడా దాన్ని పాటిస్తుంటే, ఎవరైనా పొరపాటున కంట్రోల్-ఎస్ నొక్కితే తెర నిలిచిపోతుంది, కంట్రోల్-క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక, "స్విచ్ హ్యాంగ్ అయింది" అని పనిచేస్తున్న స్విచ్ పవర్ పీకేసేవారున్నారు. సిస్కో స్విచ్‌ల్లో మరో మెలిక ఉంది. నీలం కేబుల్ పెట్టే ఆర్‌జే-45 పోర్టు పక్కనే యూఎస్‌బీ కన్సోల్ కూడా ఉంటే, యూఎస్‌బీకే ముందు ప్రాధాన్యం. ఎవరో యూఎస్‌బీ తీగను ఆన్‌లో ఉన్న కంప్యూటరుకు తగిలించి మరచి వెళ్తే నీలం కేబుల్‌తో వచ్చినవాడికి అన్నీ కనిపిస్తాయి గానీ టైపు చేయడానికి వీలుండదు.

యూఎస్‌బీ వచ్చింది కాబట్టి ఈ సెట్టింగుల బెడద పోయిందనుకోవడమూ పొరపాటే. పెట్టె లోపల ఇప్పటికీ యూఏఆర్‌టీ అనే సీరియల్ సర్క్యూటే ఉంది, మధ్యలో ఒక మార్పిడి చిప్పు చేరింది, అంతే. బయట కొనే కన్వర్టర్లలో ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సీహెచ్340 అనే చిప్పులుంటాయి. చవకగా దొరికే వాటిలో నకిలీలు ఎక్కువ. 2014 అక్టోబర్‌లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవరు నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి పనికిరాకుండా చేసింది. ప్రొలిఫిక్ కొత్త డ్రైవర్లు పాత, నకిలీ చిప్పులను గుర్తించి పనిచేయనివ్వవు. ఇది తెలియనివాడు డ్రైవరు గొడవకు స్విచ్‌ను తిట్టుకుంటాడు.

వేగాన్ని కావాలని మార్చే సందర్భాలూ ఉన్నాయి. ఫ్లాష్ పాడైన సిస్కో రౌటర్‌కు వేరే దారి లేక ఎక్స్‌మోడెమ్‌తో ఐఓఎస్ ఫైలు ఎక్కించాలనుకోండి. 9600 మీద సెకనుకు 960 బైట్లే పోతాయి. 25 మెగాబైట్ల ఫైలుకు ఏడు గంటలు దాటుతుంది. అదే 115200 మీద అయితే దాదాపు నలభై నిమిషాలే. అందుకే తెలిసినవాళ్లు కాన్ఫిగరేషన్ రిజిస్టరులో 0ఎక్స్2102 బదులు 0ఎక్స్3922 పెట్టి వేగం పెంచుతారు. పని అయ్యాక వెనక్కి మార్చడం మరిచిపోతే? ఆర్నెల్ల తర్వాత వచ్చినవాడు 9600తో తెరుస్తాడు, చెత్త చూస్తాడు, బాగున్న రౌటర్‌ను తుక్కు కింద రాసేస్తాడు. "9600 కొడితే సరి" అని నేర్పినవాడు ఈ నష్టానికి బాధ్యుడు.

కన్సోల్ తెలిసినవాళ్లు కూడా పట్టించుకోని ప్రమాదం ఇంకొకటుంది. పాత కాన్ఫిగరేషన్ మొత్తం కాపీ చేసి ఒకేసారి పేస్ట్ చేస్తారు. ఫ్లో కంట్రోల్ లేని చోట పెట్టె ఒక లైను అర్థం చేసుకునేలోపు తర్వాతి లైన్లు వచ్చిపడి కొన్ని రాలిపోతాయి. ఏ లైను రాలిందో ఎవరూ చూడరు. రాలింది యాక్సెస్ లిస్టులోని ఒక 'డినై' లైనైతే మూయాల్సిన తలుపు తెరిచి ఉండిపోతుంది. టెరాటర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో లైనుకు ఇన్ని మిల్లీసెకన్లు ఆగమని చెప్పే వీలుంది. దాన్ని వాడటం కూడా నేర్పవలసిన పనే.

మరి ఇవన్నీ ఎక్కడ నేర్పుతున్నారు? జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబు ప్రయోగాలు చూడండి. బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, స్లైడింగ్ విండో, డైక్‌స్ట్రా, డిస్టెన్స్ వెక్టర్, లీకీ బకెట్, వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్, ఎన్‌ఎస్2 సిమ్యులేటర్. అన్నీ నేర్వదగినవే, వాటిని నేను తక్కువ చేయను. కానీ నిజమైన స్విచ్‌ను చేత్తో పట్టుకుని దాని కన్సోల్‌లోకి వెళ్లే ప్రయోగం అందులో లేదు. ప్యాకెట్ ట్రేసర్‌తో ఆ లోటు తీరుతుందని కొందరంటారు. ప్యాకెట్ ట్రేసర్‌లో కన్సోల్ కేబుల్ బొమ్మ ఉంది, టెర్మినల్ కూడా ఉంది. కానీ స్విచ్ మీద నొక్కి సీఎల్‌ఐ ట్యాబ్ తెరిస్తే నేరుగా ప్రాంప్ట్ వచ్చేస్తుంది కాబట్టి పిల్లలు ఆ టెర్మినల్ దాకా పోరు. అక్కడ డ్రైవరు గొడవ రాదు, తీగ వదులవదు. నీళ్లలో దిగకుండా ఈత నేర్పడమే ఇది. ఈసీఈ విద్యార్థికి యూఏఆర్‌టీ తెలుసు, స్విచ్ తెలియదు. సీఎస్‌ఈ విద్యార్థికి స్విచ్ తెలుసు, యూఏఆర్‌టీ తెలియదు. ఇద్దరూ ఒకే కాలేజీలో పక్కపక్క గదుల్లో చదువుతున్నారు.

ఎదుటి పక్షంలో ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. కన్సోల్ భద్రతకు చేటు అంటారు. పెట్టె దాకా చేరినవాడు రౌటర్‌ను రీస్టార్ట్ చేసి, బ్రేక్ నొక్కి, రిజిస్టరును 0ఎక్స్2142 చేసి పాస్‌వర్డ్ దాటేయగలడు. ఇది నిజం. కానీ దీనికి మందు కన్సోల్‌ను మరచిపోవడం కాదు, దాన్ని సరిగ్గా అమర్చడం. ర్యాక్‌కు తాళం వేయాలి. కన్సోల్ లైనుకు లాగిన్ పెట్టాలి. పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తనంతట తాను బయటికి వచ్చే డిఫాల్టును, ల్యాబులో చిరాకు పుట్టి 'ఎగ్జెక్-టైమవుట్ 0 0' కొట్టి తీసేసే అలవాటును మానాలి. ఆ ఆదేశం కాలేజీ ల్యాబులో నేర్చుకుని బ్యాంకు స్విచ్ మీద పెట్టేవాళ్లు తమ తర్వాత వచ్చే ఎవరికైనా తెరిచిన తలుపు వదిలి వెళ్తున్నారు. కన్సోల్ తెలియనివాడికి ఈ ప్రమాదమూ తెలియదు.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో పరికరాలు కొనే ప్రతి కాలేజీ, ప్రతి ఆఫీసు, ప్రతి కేబుల్ ఆపరేటరు చేయగలిగిన పని ఒకటుంది, ఖర్చు కొన్ని వందల రూపాయలు దాటదు. ప్రతి ర్యాక్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి. అందులో పెట్టె మోడల్, కన్సోల్ వేగం, డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్లు, ఫ్లో కంట్రోల్, చివరిసారి మార్చిన తేదీ రాయండి. అక్కడే ఒక మంచి కేబుల్ వేలాడదీయండి. టెండరు రాసేటప్పుడు ఈ రెండూ అప్పగించాకే బిల్లు అని షరతు పెట్టండి.

కాలేజీల్లో ల్యాబు జాబితాలు రాసే అధ్యాపకులకు నా విన్నపం వేరు. యూనివర్సిటీ సిలబస్ మారేదాకా ఆగకండి. స్టోర్‌రూములో పడున్న పాత స్విచ్ ఒకటి బయటికి తీయండి. వేగం మార్చి, అది చెప్పకుండా, పిల్లల ముందు పెట్టండి. తెర మీద వచ్చే చెత్తను చూసి కారణం వాళ్లే కనిపెట్టేదాకా ఒక పూట ఇవ్వండి. పక్క గది నుంచి ఈసీఈ పిల్లలను కూడా పిలవండి. వచ్చే సెమిస్టర్‌లోనే ఇది మొదలుకావాలి.